నియమబద్ధమైన అద్భుతం: సింగీతం శ్రీనివాసరావు వైజ్ఞానిక కల్పనలో దృశ్యవైభవం, ఆలోచన

ప్రస్తావన

తెలుగు చలనచిత్రానికి అద్భుతం కొత్త కాదు. పౌరాణికాలతో, జానపదాలతో పెరిగిన సినిమా ఇది. గగనయానాలు, రూపపరివర్తనలు, మాయాపేటికలు తెలుగు ప్రేక్షకునికి చిరపరిచితాలు. అయితే ఆ అద్భుతాన్ని మంత్రం నుండి విడదీసి, యంత్రానికి అప్పగించి, దానికొక హేతువును కల్పించిన చిత్రాలు వేళ్ళమీద లెక్కించదగినన్ని మాత్రమే. వాటిలో 1991 జూలై 18న విడుదలైన 'ఆదిత్య 369' అగ్రగణ్యం. దీని దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం సమర్పణలో శివలెంక కృష్ణప్రసాద్ నిర్మించిన ఈ చిత్రానికి జంధ్యాల సంభాషణలు, ఇళయరాజా సంగీతం సమకూర్చారు. 2025 ఏప్రిల్‌లో ఇది 4కె రూపంలో మళ్ళీ థియేటర్లకు వచ్చింది. అంతకు ముందు, 2024 జూన్ 27న, నాగ్ అశ్విన్ దర్శకత్వంలో 'కల్కి 2898 ఎ.డి.' విడుదలైంది. ఆ చిత్రానికి సింగీతం మార్గదర్శకునిగా వ్యవహరిస్తారని నిర్మాణసంస్థ వైజయంతీ మూవీస్ 2020లోనే ప్రకటించింది. మూడు దశాబ్దాల ఎడం ఉన్న రెండు చిత్రాలను ఒకే పరంపరగా చూడడానికి ఈ సంబంధం అవకాశమిస్తున్నది.

ఈ చిత్రాలపై వచ్చిన వ్యాఖ్యల్లో ఒక పోలిక తరచు వినిపిస్తుంది. దృశ్యవైభవం త్రాసులో ఒక పళ్ళెం, ఆలోచన రెండవ పళ్ళెం. ఒకటి బరువెక్కితే రెండవది తేలిపోతుందని దాని సారాంశం. ఈ పోలిక సరిపోదని నిరూపించడం ప్రస్తుత వ్యాసం ఉద్దేశ్యం. సింగీతం చిత్రంలో ఆలోచన దృశ్యానికి పోటీగా నిలవదు. తాను చూపిన అద్భుతానికి దర్శకుడు విధించిన నియమం నుండి అది పుడుతుంది. నియమం గట్టిగా ఉన్నచోట దృశ్యమే ఆలోచనగా మారుతుంది. సడలినచోట దృశ్యం అలంకారంగా, ఆలోచన ఉపదేశంగా విడిపోతాయి. ఈ సూత్రాన్ని 'ఆదిత్య 369'లోని రెండు కాలయాత్రలపైన, ఆ తరువాత 'కల్కి'పైన పరీక్షించవచ్చు.

విస్మయం, నియమం

భారతీయ కావ్యశాస్త్రంలో అద్భుతరసానికి విస్మయం స్థాయీభావం. విస్మయం కలగాలంటే లోకసహజమైనది ఏదో ముందుగా ప్రేక్షకుని మనసులో స్థిరపడి ఉండాలి. అంతా వింతే అయినచోట వింతకు విలువ ఉండదు. పాశ్చాత్య విమర్శకుడు డార్కో సూవిన్ 1979లో ప్రకటించిన గ్రంథంలో వైజ్ఞానిక కల్పనను నిర్వచిస్తూ, అది పరిచితలోకంలోకి ఒక నూతనాంశాన్ని ప్రవేశపెట్టి, దాని పర్యవసానాలను హేతుబద్ధంగా సాగదీస్తుందని ప్రతిపాదించాడు. ఆ నూతనాంశం మన లోకాన్ని మనకే కొత్తగా చూపుతుంది. భరతుని విస్మయానికీ సూవిన్ నూతనాంశానికీ నేపథ్యాలు వేరైనా, పరిచితం లేనిదే అపరిచితం పనిచేయదన్న అంశంలో రెండూ ఏకీభవిస్తాయి.

సింగీతం ఈ పాఠాన్ని సిద్ధాంతగ్రంథాల కంటె ముందు కె.వి. రెడ్డి వద్ద నేర్చుకున్నారని చెప్పవచ్చు. 'మాయాబజార్' (1957)కు ఆయన సహాయకునిగా పనిచేశారు. ఆ చిత్రంలోని ప్రియదర్శిని పేటికను పరిశీలిస్తే విషయం స్పష్టమవుతుంది. తెరిచినవారికి వారి మనసుకు ప్రియమైనదాన్ని మాత్రమే చూపడం ఆ పేటిక నియమం. ఆ ఒక్క నియమం వల్ల కెమెరా కనికట్టు పాత్రచిత్రణ అయింది. ఎవరికి ఏది ప్రియమో నలుగురిలో బయటపడుతుంది, నవ్వు పుడుతుంది, కథ కదులుతుంది. కోరినదెల్లా చూపగల పేటిక అయితే ఈ ఫలితం రాదు.

సింగీతం తరువాతి ప్రయోగాల్లో ఇదే పద్ధతి కనిపిస్తుంది. 'పుష్పక విమానం' (1987)లో సంభాషణను పూర్తిగా పరిహరించారు. 'అపూర్వ సహోదరర్‌గళ్' (1989)లో కథానాయకుని పొట్టిరూపం ఒక దృశ్యచమత్కారమే అయినా, లోకం అతణ్ణి చూసే చూపును అనుక్షణం గుర్తుచేస్తుంది. ఈ రెంటిలోనూ సాంకేతిక సాహసం ఒక పరిమితిని స్వచ్ఛందంగా స్వీకరించడంతో మొదలైంది. 'ఆదిత్య 369'ను ఈ వరుసలో నిలిపి చూడాలి.

1526: ఏ గతంలోకి ప్రయాణం?

హెచ్.జి. వెల్స్ 1895లో ప్రకటించిన 'ది టైమ్ మెషిన్' నవల ఈ చిత్రానికి ప్రేరణ. వెల్స్ యాత్రికుడు ప్రధానంగా భవిష్యత్తులోకి వెళతాడు. సింగీతం యంత్రం ముందుగా వెనక్కు వెళుతుంది. ప్రొఫెసర్ రామదాసు (టిన్నూ ఆనంద్) నిర్మించిన కాలయంత్రంలో కృష్ణకుమార్ (బాలకృష్ణ), ప్రొఫెసర్ కుమార్తె హేమ (మోహిని) 1526 నాటి విజయనగరం చేరుకుంటారు. అక్కడ సింహాసనంపై ఉన్న శ్రీకృష్ణదేవరాయలు కూడా బాలకృష్ణే. తెనాలి రామకృష్ణునిగా చంద్రమోహన్ నటించారు.

ఈ గతం చరిత్రకారుని గతమా? మంగళగిరి లక్ష్మీనరసింహస్వామి క్షేత్రంలోని స్తంభశాసనం ఈ ప్రశ్నకు ఒక కొలమానాన్ని అందిస్తున్నది. శకసంవత్సరం 1437, అనగా క్రీ.శ. 1515లో, సాళువ తిమ్మరుసు కొండవీటిని జయించిన ఉదంతాన్ని ఆ శాసనం పేర్కొంటుంది. కృష్ణాతీరవాసులకు రాయలు మొదట పరిచయమైనది ఈ రూపంలోనే. గజపతుల నుండి కోటలను గెలుచుకున్న ప్రభువుగా, మంత్రి ద్వారా పాలన నెరపిన చక్రవర్తిగా అతడు ఈ నేలకు వచ్చాడు. కోటలు, తిథులు, దానాలు, అధికారుల పేర్లు శాసనభాషలోని సామగ్రి. ఆ భాషలో నవ్వుకు చోటు లేదు.

'ఆదిత్య 369'లోని రాయలు ఈ శాసనం నుండి రాలేదు. భువనవిజయ సాహిత్యరూపకాల నుండి, చాటుకథల నుండి, అన్నిటికంటె ముఖ్యంగా తెలుగు సినిమా నుండి వచ్చాడు. 'మల్లీశ్వరి' (1951) రాయల కాలంలో నడిచిన కథ. 'తెనాలి రామకృష్ణ' (1956), 'మహామంత్రి తిమ్మరుసు' (1962) చిత్రాల్లో రాయల పాత్రను ఎన్.టి. రామారావు ధరించారు. ఆ కిరీటాన్ని 1991లో ఆయన కుమారుడు ధరించడంతో ప్రేక్షకునికి కాలయాత్ర రెండింతలయింది. పాత్రలు విజయనగరానికి వెళుతుంటే, ప్రేక్షకులు 1950ల తెలుగు సినిమాలోకి వెళతారు. యంత్రం చేరిన గతం ఒక జాతి తన గురించి తాను చెప్పుకున్న కథ.

దీన్ని దోషంగా ఎంచవచ్చు. వైజ్ఞానిక కల్పన పేరుతో పాత వైభవాన్ని మరొకమారు ప్రదర్శించారనే ఆక్షేపణ తేలికగా తోసిపుచ్చదగినది కాదు. అయితే సింగీతం ఈ స్మృతిలోకాన్ని యథాతథంగా వదలలేదు. దానికి రెండు నియమాలు విధించారు. మొదటిది భాషానియమం. 1526లో కాలుపెట్టిన 1991 మనుషులు తెలుగువారే అయినా ఆస్థానభాష ముందు పరాయివారవుతారు. జంధ్యాల సంభాషణల్లోని హాస్యం చాలావరకు ఈ అంతరం నుండి పుట్టింది. కాలయంత్రంలో చిక్కుకుని వచ్చిన కానిస్టేబుల్ (సుత్తివేలు) ఉనికి వల్ల ఆ అంతరం మరింత ప్రస్ఫుటమవుతుంది. మన పూర్వుల మధ్య మనమే అపరిచితులమన్న గ్రహింపు నవ్వుతోపాటు కలుగుతుంది. సూవిన్ చెప్పిన అపరిచితీకరణ ఇక్కడ ఉపన్యాసం లేకుండా సిద్ధించింది.

రెండవది వస్తునియమం. కాలాలను కలుపుతున్నది ఒక వజ్రం. వర్తమానంలో అది మ్యూజియం వస్తువు, రాజావర్మ (అమ్రిష్ పురి) వంటి సేకరణోన్మాదికి చౌర్యవస్తువు. రాయల కాలంలో అది రాజ్యసంపద. కృష్ణాతీరంలోని కొల్లూరు గనులను పదిహేడవ శతాబ్దిలో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ వర్ణించాడు. తెలుగుదేశపు వజ్రాలు దేశాంతరాలకు తరలిపోయిన చరిత్ర సుదీర్ఘమైనది. కాబట్టి ఈ వస్తువు ఎంపిక యాదృచ్ఛికంగా తోచదు. గతం మనకు వస్తువులుగానే మిగులుతుంది. ఆ వస్తువు ఎవరి సొంతమన్నదే వర్తమానపు తగవు. కాలయాత్రికులు 1526లో ఆ వజ్రం మూలంగానే చిక్కుల్లో పడటంతో, చరిత్రను చూడవచ్చిన ప్రేక్షకులు దానికి జవాబుదారులయ్యారు. సభామండపం, నృత్యం, సింహాసనం కంటికి పండుగ చేస్తున్నప్పుడు కూడా ఈ జవాబుదారీతనం కథను విడువదు.

మరొక సూక్ష్మాంశం గమనింపదగినది. 1526 వైభవాన్ని చూస్తున్న ప్రేక్షకునికి 1565 సంగతి తెలుసు. రక్కసి-తంగడి యుద్ధం తరువాత ఆ నగరం శిథిలమైంది. తెరపై వెలుగుతున్న ప్రతి దీపం ఆరిపోయినదేనన్న ఎరుక ఆ దృశ్యవైభవంలో అంతర్లీనంగా ఉన్నది. చిత్రం తదుపరి గమ్యమైన 2504కు ఈ ఎరుకే సహజమైన వారధి.

2504: సడలిన నియమం

భవిష్యత్తులో కనిపించేది మూడవ ప్రపంచయుద్ధానంతర లోకం. అణుధార్మికత వల్ల భూమి ఉపరితలం నివాసయోగ్యం కాదు. మానవులు భూగర్భంలో జీవిస్తున్నారు. చిత్రం విడుదలైన సంవత్సరాన్ని బట్టి ఈ ఊహ నేపథ్యం అర్థమవుతుంది. చెర్నోబిల్ ప్రమాదం జరిగి అప్పటికి ఐదేళ్ళు. గల్ఫ్ యుద్ధం ఆ ఏడాది ఆరంభంలోనే ముగిసింది. వైభవోపేతమైన రాజధాని శిథిలమైనట్టే వైభవోపేతమైన నాగరికత కూడా శిథిలం కాగలదన్న సామ్యం గంభీరమైనది. తెలుగు వ్యాపారచిత్రంలో ఇంతటి ప్రశ్నకు చోటు దొరకడం సామాన్యం కాదు.

అయినా ఈ భాగం 1526 భాగమంత బలంగా లేదు. నిడివి తక్కువ కావడం ఒక కారణం. అసలు కారణం నియమరాహిత్యం. విజయనగరంలో భాష, వస్తువు, న్యాయం పాత్రలను నిర్బంధించాయి. 2504లో యాత్రికులు ప్రధానంగా సందర్శకులు. గోడలు, దీపాలు, దుస్తులు, పరికరాలు కొత్తవి; వాటి మధ్య మనుషుల సంబంధాలు కొత్తవి కావు. భూగర్భంలో ఆహారాన్ని పంచేదెవరు, పాలించేదెవరు, పైకి వెళ్ళాలన్న కోరిక ఎవరికైనా మిగిలిందా అన్న ప్రశ్నలు బలపడకముందే కథ వర్తమానానికి మరలుతుంది. అందువల్ల ఇక్కడి ఆలోచన హెచ్చరికగా వినబడుతుంది, అనుభవంగా పరిణమించదు.

మూలప్రేరణతో పోల్చినప్పుడు ఈ లోటు మరింత తెలుస్తుంది. వెల్స్ నవలలో భూగర్భం వర్గవిభజనకు ప్రతిరూపం. పైన సుకుమారులైన ఎలాయ్, కింద యంత్రాలను నడిపే మోర్లాక్ జాతులు; శ్రమకూ సుఖానికీ మధ్య ఉన్న అగాధం శరీరాలనే మార్చివేసింది. సింగీతం భూగర్భాన్ని ఉంచి విభజనను తొలగించారు. విపత్తు అందరినీ సమానంగా కిందికి నెట్టింది. యుద్ధవ్యతిరేక సందేశానికి ఇది అనుకూలమే. కాని విపత్తులు అందరినీ సమానంగా తాకవన్న సత్యం దీనితో మరుగునపడింది. 1991లో వదలివేసిన ఆ నిలువు విభజన తెలుగు తెరపైకి రావడానికి మరి మూడు దశాబ్దాలు పట్టింది.

'కల్కి': రెండు వివరణల లోకం

'కల్కి 2898 ఎ.డి.' లోకం నిలువునా చీలినది. కింద ఎండిన గంగ ఒడ్డున కాశి. పైన తలకిందులైన పిరమిడ్ ఆకృతిలో కాంప్లెక్స్. నీరు, పచ్చదనం, గాలి పైవారి సొత్తు. కింది మనిషి పైకి చేరాలంటే యూనిట్లు కూడబెట్టాలి. భైరవ (ప్రభాస్) ఆశయం అంతకుమించి లేదు. వెల్స్ నుండి 1927 నాటి 'మెట్రోపాలిస్' వరకు సాగిన నిర్మాణమే ఇది. కాని దాని కేంద్రంలో ఉన్నది భారతకథ. కురుక్షేత్రానికి సంప్రదాయం చెప్పే క్రీ.పూ. 3102కు 2898ని కలిపితే 6000 అవుతుంది. శీర్షికలోని అంకె యుగగణనకూ క్రీస్తుశకానికీ కుదిర్చిన లెక్క.

పురాణాన్నీ విజ్ఞానాన్నీ ఒకేచోట నిలపడం తెలుగు ప్రేక్షకునికి వింత కాదు. మంగళగిరి కొండపై పానకాల నరసింహస్వామికి బెల్లపుపానకం నివేదిస్తారు. స్వామి సగం స్వీకరించి సగం ప్రసాదంగా విడిచిపెడతాడని భక్తుల విశ్వాసం. ఆ కొండ ఒకప్పుడు అగ్నిపర్వతమని, గంధకం ఉన్న బిలాన్ని చల్లార్చడానికే పానకం పోసే ఆచారం ఏర్పడిందని మరొక జనవాక్యం ఉన్నది. కొండ ఎక్కేవారిలో చాలామంది ఈ రెంటినీ ఒకే నోట చెబుతారు. ఒకటి రెండవదాన్ని రద్దు చేస్తుందని భావించరు. ఈ మనఃప్రవృత్తిలో ఒక సౌకర్యమున్నది, ఒక ప్రమాదమూ ఉన్నది. రెండు వివరణలూ ఒకదానినొకటి ప్రశ్నించుకుంటే ఆలోచన పుడుతుంది. ఒకటి తడబడినచోట రెండవది వచ్చి ఆదుకుంటే ఆలోచన నిద్రపోతుంది.

'కల్కి'లో రెండు స్థితులూ ఉన్నాయి. మొదటి దానికి నిదర్శనం అశ్వత్థామ (అమితాబ్ బచ్చన్). సౌప్తికపర్వంలో అతడు పాండవుల వంశాంకురాన్ని గర్భంలోనే నశింపజేయడానికి అస్త్రం ప్రయోగించాడు. దానికి ఫలితంగా కృష్ణుడు శపించాడు. వ్యాసభారతంలో ఆ శాపకాలం మూడువేల ఏండ్లు. చిత్రం దాన్ని రెట్టింపు చేసింది. ఆ అశ్వత్థామే ఇప్పుడు సుమతి (దీపికా పదుకొణె) గర్భానికి కావలి నిలిచాడు. అవతల సుప్రీమ్ యాస్కిన్ (కమల్ హాసన్) ప్రయోగశాలల్లో స్త్రీల గర్భాల నుండి సారాన్ని తీసి తన ఆయువును పొడిగించుకుంటున్నాడు. ఒకనికి చావులేకపోవడం శిక్ష. మరొకనికి అది లక్ష్యం. ఒకడు గర్భాన్ని నాశనం చేయబోయి రక్షకుడయ్యాడు. మరొకడు విజ్ఞానం పేరుతో ఆ పాపాన్నే పరిశ్రమగా మార్చాడు. పురాణం ఇక్కడ విజ్ఞానాన్ని విచారిస్తున్నది. అమరత్వానికి మూల్యమెంత, ఆ మూల్యం ఎవరి శరీరం చెల్లిస్తుంది అన్న ప్రశ్న కథానియమంగా నిలిచింది. ఈ దృశ్యాలలో వృద్ధుడైన అశ్వత్థామ విరాట్‌రూపం కూడా అర్థవంతమే. ఆ శరీరం మోస్తున్నది ఆరువేల ఏండ్ల పశ్చాత్తాపాన్ని.

రెండవ స్థితి చిత్రంలోని అనేక పోరాటాలలోను, భైరవ వాహనం బుజ్జి చుట్టూ అల్లిన విన్యాసాలలోను, అతిథి నటుల ప్రవేశాలలోను కనిపిస్తుంది. సుమారు మూడు గంటల నిడివిలో కాంప్లెక్స్ లోపలి జీవనానికి దక్కిన చోటు స్వల్పం. ఏ ఆయుధానికి ఎంత శక్తి ఉన్నది, ఏది ఎవరికి సాధ్యం కాదన్న హద్దులు మారుతూపోతాయి. భైరవలో కర్ణుని ఛాయ బయటపడినప్పుడు అప్పటివరకు యూనిట్ల కోసం బేరమాడిన మనిషికి సంబంధించిన ఆర్థికప్రశ్న పురాణగౌరవంలో కరిగిపోతుంది. కాశివాసి పైకి ఎందుకు వెళ్ళలేడన్న ప్రశ్నకు సమాధానం తదుపరి భాగానికి వాయిదా పడింది.

పెట్టుబడి వాదం

దర్శకుని ఆలోచనను పెట్టుబడి నిర్ణయిస్తుందని, భారీవ్యయంతో తీసిన చిత్రం భారీదృశ్యాన్నే అమ్ముకోవలసి వస్తుందని ఒక వాదమున్నది. కృష్ణాడెల్టా వ్యవసాయమిగులు సినిమా పెట్టుబడిగా మారిన చరిత్ర, విజయవాడ గాంధీనగర్ కేంద్రంగా ఎదిగిన పంపిణీవ్యవస్థ ఈ వాదానికి ఆధారాలు. తారబలాన్ని నమ్ముకున్న ఆ వ్యవస్థ కథానాయకుని విజయాన్ని ముందుగానే కోరుకుంటుంది. 'ఆదిత్య 369' కూడా ఈ షరతుకు లోబడినదే. అందులోనూ పాటలు, పోరాటాలు, ప్రతినాయకుని పతనం ఉన్నాయి.

వాదంలో నిజమున్నా అది సంపూర్ణసత్యం కాదు. ప్రియదర్శిని పేటికకు నియమం విధించడానికి అదనపు వ్యయం అక్కరలేదు. విజయనగరంలో 1991 మనిషిని పరాయివాణ్ణి చేసినవి సంభాషణలు. అశ్వత్థామను గర్భరక్షకునిగా నిలిపినది కథాకల్పన. ఈ మూడు చిత్రాల్లో అత్యంత ఆలోచనాత్మకమైన అంశాలు వ్యయంతో సంబంధం లేనివి కావడం గమనార్హం. పెట్టుబడి దృశ్యపరిమాణాన్ని శాసించగలదు. దృశ్యం ఏ నియమానికి లోబడాలన్నది చాలావరకు దర్శకుని చేతిలోని నిర్ణయం.

ఉపసంహారం

పై పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి, సింగీతం సాధించిన సమతుల్యం దృశ్యాన్ని తగ్గించి ఆలోచనను పెంచడం వల్ల వచ్చినది కాదు. కె.వి. రెడ్డి సంప్రదాయం నుండి గ్రహించిన నియమదృష్టి దానికి మూలం. రెండు, ఆ దృష్టి గతాన్ని చిత్రించడంలో ఫలించినంతగా భవిష్యత్తును చిత్రించడంలో ఫలించలేదు. రాయల ఆస్థానానికి తెలుగు ప్రేక్షకుని మనసులో ముందే ఒక లోకం ఉన్నది, 2504కు లేదు. లేని లోకాన్ని నియమాలతో నిర్మించవలసిన భారం దర్శకునిపై పడింది, దానిని చిత్రం పూర్తిగా మోయలేదు. మూడు, 'కల్కి' ఆ లోటును కొంతవరకు పూరించింది. నిలువు విభజనను మళ్ళీ తెచ్చింది, అమరత్వాన్ని నైతికప్రశ్నగా మలిచింది. అయితే పురాణం అడిగిన ప్రశ్నకు పురాణమే సమాధానమయ్యే సౌకర్యానికి అక్కడక్కడ లొంగిపోయింది.

తెలుగు వైజ్ఞానిక చిత్రం గతం ఆసరా లేకుండా భవిష్యత్తును ఊహించగలదా అన్నది ఇకముందు తేలవలసిన విషయం. గతాన్ని పరిహరించడం దానికి మార్గం కానక్కరలేదు. శాసనంలోని రాయలు, చాటుకథలోని రాయలు ఒకరినొకరు ప్రశ్నించుకునే చోటు ఉన్నట్టే, యంత్రమూ మంత్రమూ ఒకదాన్నొకటి నిలదీసే చోటు కూడా ఉన్నది. 'ఆదిత్య 369'లోని విజయనగరం, 'కల్కి'లోని అశ్వత్థామ ఆ చోటును చూపించాయి. ఈ రెండు చిత్రాల దృశ్యాలు ఎంత ఘనమైనవన్న అంచనా కంటె, అవి ఏ నియమాలకు కట్టుబడ్డాయన్న పరిశీలన రాబోయే విమర్శకు ఎక్కువ ఉపకరిస్తుంది.